మామ కల్లు, నా గోళీ

మా చిన్న మేనమామను ఊరంతా కల్లు మనిషి అనేది. నన్ను మాత్రం ‘పాపం, టెన్షన్ ఎక్కువ, మందులు వాడుతది’ అనేవాళ్లు. ఇద్దరి ఒంట్లోకీ పోతున్నది ఒకటే మందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనకు అది కల్లు సీసాలో కలిసి వచ్చేది, నాకు మెడికల్ షాపు అతనిచ్చే చిన్న కాగితపు కవర్లో వచ్చేది. పేరు అల్ప్రాజోలం, టెన్షన్ తగ్గడానికి డాక్టర్లు రాసే మందు. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో, వదిలించుకోవడానికి ఏమేం చేయాల్సి వచ్చిందో రాస్తున్నాను. భయం వేరు, అలవాటు వేరు అని చెప్పే డాక్టర్ల మధ్య, బంధువుల మధ్య నలిగిన వాళ్లకు కొంత పనికొస్తుందని.

2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు నేను కామారెడ్డి నుంచి రామాయంపేట వైపు ఉన్న ఒక బ్యాంకు బ్రాంచికి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. క్యాష్ కౌంటర్ నాది. ఆ రెండు నెలలు ఎలా గడిచాయో బ్యాంకుల్లో పనిచేసిన వాళ్లనెవరినైనా అడగండి. షట్టర్ తీయకముందే లైన్ రోడ్డు మీదికి వచ్చేది. మధ్యాహ్నానికే క్యాష్ అయిపోయేది. పింఛను కోసం వచ్చిన ముసలమ్మలు కౌంటర్ పట్టుకుని ఏడ్చేవాళ్లు, మగవాళ్లు తిట్టేవాళ్లు. సాయంత్రం లెక్క తేడా వస్తే అది తేలేదాకా ఇంటికి పోయేది లేదు. నేను మొదటి నుంచీ భయస్తురాలినే. బీకాంలో పరీక్షల ముందు వాంతులయ్యేవి. రాత్రిపూట ఫోన్ మోగితే ఎవరో పోయారనే అనుకునేదాన్ని. ఆడపిల్లకు అంత భయం మంచిదేలే అన్నారు తప్ప దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు.

డిసెంబర్‌లో ఒక సాయంత్రం ఇంటికి వస్తుంటే, బస్సు భిక్కనూరు దాటాక, ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. అరచేతులు తడిసిపోయాయి. ఊపిరి సగంలోనే ఆగుతోంది. పెదాల చుట్టూ తిమ్మిరి. చనిపోతున్నానని అనిపించలేదు, చనిపోతున్నానని తెలిసిపోయింది. ఆ తేడా పడ్డవాళ్లకే అర్థమవుతుంది. కండక్టర్ బస్సు ఆపించి నీళ్లు ఇచ్చాడు. కామారెడ్డిలో దిగేసరికి సగం తగ్గిపోయింది, కానీ మా ఆయన నేరుగా ఆస్పత్రికే తీసుకెళ్లారు. ఈసీజీ మామూలుగా ఉంది. రక్త పరీక్ష, ఎకో, అన్నీ మామూలే. గ్యాస్ అయ్యుంటుందని ఒక గోళీ, టెన్షన్ తగ్గడానికి ఇంకో గోళీ రాశారు. ఆ రెండోది అల్ప్రాజోలం, 0.25 మిల్లీగ్రాములు, పది రోజులకు. దాన్ని పానిక్ అటాక్ అంటారనీ, పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి దానంతటదే దిగిపోతుందనీ, దానితో ఎవరూ చనిపోరనీ ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మొదటి గోళీ సంగతి నిజం చెప్పాలి. చాలా బాగా పనిచేసింది. అరగంటకల్లా భుజాలు దిగాయి. అప్పటిదాకా నా భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయని కూడా నాకు తెలియదు. వంటింట్లో గిన్నెలు తోముతూ, రేపటి క్యాష్ గురించి ఆలోచించకుండా, ఉత్తగా గిన్నెలే తోమాను. మిగతావాళ్లంతా రోజూ ఇలాగే బతుకుతారా అనిపించింది. మత్తు మందుల గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట దాటేస్తారు. మాలాంటి వాళ్లం సరదా కోసం మొదలుపెట్టం. పుట్టినప్పటి నుంచీ మోగుతున్న చప్పుడు ఒకటి మొదటిసారి ఆగుతుంది, అంతే.

పది రోజులు అయిపోయాయి. పాత చీటీ చూపిస్తే షాపులో మళ్లీ ఇచ్చారు. కొన్నాళ్లకు చీటీ కూడా అడగలేదు. ఈ మందు షెడ్యూల్ హెచ్1 కిందికి, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోకి వస్తుంది. 2014 మార్చి నుంచి దీన్ని అమ్మే షాపు, రాసిన డాక్టరు పేరు, కొన్నవాళ్ల పేరు, ఎన్ని ఇచ్చారన్నది వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. అట్ట మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక కూడా ఉంటుంది. నేను బ్యాంకు మనిషిని, రిజిస్టర్లంటే నాకు బాగా తెలుసు. ఆ రిజిస్టర్లో నా పేరు ఎవరైనా రాయగా నేనైతే చూడలేదు.

0.25 కొన్ని నెలలు పనిచేసింది. తర్వాత 0.5 అయింది. తర్వాత రోజుకు రెండు, ఆ తర్వాత మూడు. విచిత్రం ఏమిటంటే, గోళీలు పెరుగుతున్నకొద్దీ భయం కూడా పెరిగింది. ముందు బస్సులోనే వచ్చేది, ఇప్పుడు వంటింట్లో కూడా. సాయంత్రం నాలుగు గంటల వేళ కారణం లేకుండా గుండె కొట్టుకునేది. పొద్దున నాలుగున్నరకు ఉలిక్కిపడి లేచేదాన్ని. నా జబ్బు ముదురుతోందనుకున్నాను, అందుకే ఇంకో గోళీ. అది జబ్బు కాదు, ముందు గోళీ పని అయిపోయి శరీరం తర్వాతి దాని కోసం అడగడమని చాలా తర్వాత తెలిసింది. అల్ప్రాజోలం ఒంట్లో ఎక్కువసేపు ఉండదు, పదకొండు గంటలు తిరిగేసరికి దాదాపు సగం పోతుంది. అలవాటు పడ్డ ఒంటికి అంత వ్యవధి కూడా దూరమే. మరోపక్క మతిమరుపు మొదలైంది. పిల్లవాడి ఫీజు కట్టానో లేదో గుర్తుండేది కాదు. కౌంటర్లో ఒకే కట్ట రెండుసార్లు లెక్కపెట్టేదాన్ని.

ఇంకో సంగతి. మా వైపు పండక్కో, పెళ్లికో ఆడవాళ్లు కల్లు తాగడం వింతేమీ కాదు. దసరాకు అమ్మగారింటికి పోయినప్పుడు రెండు గ్లాసులు తాగితే వచ్చే నెమ్మది, గోళీ ఇచ్చే నెమ్మది ఒక్క తీరుగా ఉండేవి. ఈత చెట్టు మహిమ అనుకున్నాను. గోళీ వేసుకున్న రోజే కల్లు తాగితే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేకపోయేదాన్ని. ఊపిరిని నెమ్మదింపజేసే రెండు మందులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నిద్రలో ఏమీ కాకపోవడం నా అదృష్టం.

మామ గురించి ఇక్కడ చెప్పాలి. మా అమ్మగారిది నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. మామ సౌదీకి పోయి వచ్చాడు, మా జిల్లాలో ఇంటికొకరు పోయినట్టే. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే పని పోయి తిరిగొచ్చాడు. ‘రాత్రి కండ్లు మూస్తే గుండెల దడదడ అంటది బిడ్డా’ అని అమ్మతోనూ నాతోనూ చెప్పేవాడు. సీసా కల్లు తాగితే నిద్ర పట్టేది. అప్పుడు తాటిచెట్లు, ఈతచెట్లు ఇచ్చే కల్లు ఎంత, డిపోల్లో అమ్ముడుపోయే కల్లు ఎంత? ఆ తేడాను నీళ్లతో, చక్కెరతో, క్లోరల్ హైడ్రేట్, డయజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులతో పూరిస్తారు. ఏదో మందు కలుపుతారని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు, దాని పేరే తెలియదు. ‘మందు కల్లు’ అని పేరు కూడా పెట్టుకున్నాం. తెలిసి కూడా తాగుతారేమిటని బయటివాళ్లు అడుగుతారు. అలవాటు పడ్డవాళ్లకు చెట్టు కింద తాజాగా తీసిన కల్లు ఎక్కదు.

2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏమైందో పేపర్లలో వచ్చింది. జనం మెడలు వంకర్లు పోయి, నాలుకలు తడబడి, ఫిట్స్ వచ్చి, తమలో తాము గొణుక్కుంటూ ఆస్పత్రుల్లో చేరారు. అందులో మా మామ ఒకడు. మంచం మీద కూర్చుని గాల్లోంచి ఏదో దారం తీసి చుడుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టలేదు. కొన్నాళ్లకు కోలుకున్నాడు, సరఫరా మళ్లీ మొదలైంది, ఆయనా మొదలుపెట్టాడు. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ అదే కథ. ఆ మార్చి నెలాఖర్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి కల్లు, మద్యం దొరక్క పిచ్చెక్కినట్టయిన వాళ్లు వరుసకట్టారు. కల్లు దుకాణాలు మూశారు, మెడికల్ షాపులు మూయలేదు. అందుకే ఆయన పడ్డాడు, నేను పడలేదు. మా ఇద్దరి మధ్య తేడా అంతకంటే ఏమీ లేదు.

నా వంతు 2022 చలికాలంలో వచ్చింది. ఎప్పుడూ ఇచ్చే షాపతను తల అడ్డంగా ఊపాడు. ‘అక్కా, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తిరుగుతున్నరు, చీటీ లేకుంటే ఇయ్య.’ ఇంకో రెండు షాపుల్లోనూ అదే మాట. ఉన్నవాటిని సగం సగం విరిచి నెట్టుకొచ్చాను, తర్వాత అవీ అయిపోయాయి. మర్నాడు బ్యాంకుకు పోయాను. నోట్లు లెక్కపెట్టే మెషీన్ చప్పుడు ఏళ్ల తరబడి వింటున్నదే. ఆ రోజు అది పుర్రె లోపల తిరుగుతోంది. ట్యూబులైటు వెలుగు కళ్లలో గుచ్చుకుంటోంది. పళ్లన్నీ సలుపు. చేతులు వణికి కట్టకు రబ్బరు బ్యాండు వేయలేకపోయాను. అప్పుడు నా వేళ్ల వైపు చూసుకున్నాను. దారం చుడుతున్నట్టు ఆడుతున్నాయి. మామ మంచం గుర్తొచ్చింది.

తోటి ఉద్యోగి దగ్గర్లోని నర్సింగ్ హోంకు తీసుకెళ్లింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఈసీజీ తీస్తూనే ‘రోజూ ఏమైనా మందులు వాడతారా అమ్మా?’ అని అడిగాడు. ఏళ్లుగా ఎంతమంది డాక్టర్ల దగ్గరికి పోయానో, ఆ ప్రశ్న ఎవరూ అంత నిదానంగా అడగలేదు. ఖాళీ అట్ట తీసి చూపించాను. ఎన్ని వేసుకుంటున్నానో చెబితే అతను పెన్ను పక్కన పెట్టాడు. ‘మీకు గుండెకేమీ లేదు. మందు ఆగింది, అదీ సమస్య. దీన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఈరోజుకు ఇంజెక్షన్ ఇస్తాను. రేపే సైకియాట్రిస్టును కలవండి.’

ఇంట్లో ఆ మాట చెప్పగానే అత్తమ్మ ‘ఎర్రగడ్డకు పోతవా? నలుగురికి తెలిస్తే ఏమంటరు?’ అంది. మా ఆయన గవర్నమెంటు టీచరు, మాట తక్కువ మనిషి. ‘హైదరాబాద్‌ల కండ్ల డాక్టర్‌కు చూపిస్తున్నమని చెప్పమ్మా’ అని ఆమెకు ఒక దారి చూపించి, నాకు రైలు టికెట్ తీశారు.

సైకియాట్రిస్టు పెద్దావిడ. ముందు పరీక్షలు రాశారు. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, వణుకు వస్తాయి కాబట్టి అది, లివర్ ఎలా ఉందో తెలియడానికి ఇంకోటి. తర్వాత ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టి మధ్యలో గీత గీశారు. గీత పైన భయం సంగతులు, గీత కింద మందు సంగతులు, ఏడాది వారీగా. ‘కల్లు కూడా కింద రాయాలి, మొహమాటం వద్దు’ అన్నారు. కాగితం నిండేసరికి బొమ్మ తయారైంది. పైన బీకాం పరీక్షల కాలం నుంచే చుక్కలున్నాయి, కింద 2016 దాకా ఖాళీ. 2018 తర్వాత పైన చుక్కలు ఒకదాన్నొకటి ముట్టుకునేంత దగ్గరయ్యాయి. అప్పటి నుంచే కింద గోళీలు కూడా పెరిగాయి. ‘చాలామందిలో ఆందోళనే ముందు మొదలవుతుంది, అలవాటు తర్వాత వస్తుంది. కానీ ఒకసారి అలవాటు వచ్చాక, అదే కొత్త ఆందోళనను పుట్టిస్తుంది. ఇప్పుడు మీకున్న భయంలో ఎంత మీది, ఎంత మందుది అన్నది ఇవాళ నేను చెప్పలేను. మందు తగ్గాకే తేలుతుంది’ అన్నారు.

ఎందుకు పుట్టిస్తుందో కూడా చెప్పారు. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది, నరాల జోరును తగ్గించేది అదే. మద్యం గానీ, అల్ప్రాజోలం గానీ, డయజిపాం గానీ దాని పనినే పెంచుతాయి. ‘మీరు రోజూ బస్సులో పోతారు కదా, డ్రైవర్ పక్కన కూర్చుని ఇంకెవరో బ్రేకు తొక్కుతున్నారనుకోండి’ అన్నారు ఆవిడ. ‘కొన్నాళ్లకు డ్రైవర్ తన బ్రేకు వాడటం మానేస్తాడు, యాక్సిలరేటర్ మీద కాలు ఇంకా గట్టిగా పెడతాడు. ఉన్నట్టుండి పక్కవాడు దిగిపోతే?’ నాకు వణుకు, వెలుగు, చప్పుడు, పళ్ల సలుపు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మద్యం రోజూ తాగేవాళ్లు ఒక్కసారి మానేస్తే రెండు రోజుల్లోపు ఫిట్స్ రావడం, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, వినిపించడం కూడా ఇందుకేనట. మామ వేళ్లు చుట్టిన దారం అదేనన్నమాట.

వైద్యం రెండు వైపులా ఒకేసారి మొదలుపెట్టారు. దీన్ని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మామకు జరగనిది ఇదే. భయానికి ఎస్సిటలోప్రామ్, 5 మిల్లీగ్రాములతో మొదలు. అది పనిచేయడానికి వారాలు పడుతుందనీ, మొదటి రోజుల్లో దడ కొంచెం పెరగొచ్చనీ ముందే చెప్పారు కాబట్టి పెరిగినప్పుడు పారిపోలేదు. అలవాటుకేమో అల్ప్రాజోలాన్ని మెల్లగా డయజిపాంలోకి మార్చారు, అదే మనం కాంపోజ్ అనేది. డయజిపాం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, అందుకే డోసుకు డోసుకు మధ్య గుంత పడదు. బ్రిటన్‌లో న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్లు ఇలాంటి రోగుల కోసం క్లినిక్ నడిపారనీ, ఈ పద్ధతి అక్కడి నుంచే బాగా ప్రచారంలోకి వచ్చిందనీ మా డాక్టరు చెప్పారు. ముందు రాత్రి డోసు మార్చారు, అది కుదురుకున్నాక మధ్యాహ్నానిది, చివరికి పొద్దుటిది.

మొత్తం డయజిపాం అయ్యాక తగ్గించడం మొదలైంది. ప్రతిసారీ మిగిలి ఉన్నదాంట్లో పదో వంతు దగ్గరగా, రెండు మూడు వారాలకోసారి. కష్టంగా ఉంటే అక్కడే ఆగాలి, వెనక్కి మాత్రం పోకూడదు. ఈ లెక్క నా ఒంటికి, నా డోసుకు డాక్టరు వేసినది. ఇది చదివి ఎవరూ ఇంట్లో గోళీలు విరవొద్దు, చేతులు జోడించి చెబుతున్నాను. అట్టలు మా ఆయన దగ్గర ఉండేవి. స్కూల్ అటెండెన్స్ రిజిస్టర్ గీతలున్న కాగితం మీద తేదీ, డోసు, నిద్ర, దడ అని నిలువు వరుసలు గీసి ఆయనే నింపేవారు. ఆ రిజిస్టర్లో మాత్రం నా పేరు రోజూ పడింది.

చెప్పుకోదగ్గ బాధ ఎక్కువ భాగం చివర్లోనే ఉంది. 10 నుంచి 8కి రావడం తేలిక. 2 నుంచి సున్నాకు రావడానికి పట్టిన కాలంలో నేను మా అత్తమ్మతో మాట్లాడటం దాదాపు మానేశాను. చెవుల్లో ఈల. కుక్కర్ కూత పెడితే ఏడుపొచ్చేది. పీడకలలు ఎంత స్పష్టంగా వచ్చేవంటే, పొద్దున లేచి క్యాష్ షార్ట్ అయిన మాట నిజమా కలా అని బ్యాంకుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఒక రాత్రి మా ఆయన ఎన్నికల డ్యూటీ ట్రైనింగులో ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ల 14416కి చేశాను. 2022 అక్టోబర్‌లో మొదలైన సర్వీసు అది, తెలుగులోనే మాట్లాడారు. అవతలి అమ్మాయి కొత్తగా ఏ సలహా ఇవ్వలేదు, డాక్టరు చెప్పిన డోసు దాటొద్దంది, ఫిట్స్ లక్షణాలు ఉన్నాయేమో వరుసగా అడిగింది, దడ దిగేదాకా లైన్లో ఉంది. నాకు కావలసింది అదే.

ఇక సైకాలజిస్టు. ఆమె దగ్గరికి పోయే ముందు, ధైర్యం చెబుతారు, ధ్యానం చేయమంటారు అనుకున్నాను. ఆమె ఒక జ్యూస్ స్ట్రా చేతికిచ్చి, ముక్కు మూసుకుని ఒక నిమిషం పాటు దాంట్లోంచే ఊపిరి తీసుకోమంది. ఇంకోసారి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గిర్రున తిప్పింది. ఇంకోసారి ఉన్నచోటే పరుగెత్తమంది. చీరతో ఉన్నచోటే పరుగెత్తడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ప్రతిసారీ ముందు ‘ఏమవుతుందనుకుంటున్నారు?’ అని రాయించేది, తర్వాత ‘ఏమైంది?’ అని రాయించేది. మొదటి గడిలో ‘పడిపోతాను, గుండె ఆగుతుంది’ అని రాశాను. రెండో గడిలో ‘కళ్లు తిరిగాయి, తగ్గింది, దాహం’ అని రాశాను. దడను ఆపడం నేర్పలేదామె. దడ వచ్చినా కూర్చోవడం నేర్పింది. గోళీ ఇన్నాళ్లూ నాకు చెప్పింది దానికి సరిగ్గా వ్యతిరేకం, దడ వస్తే ఆపకపోతే చస్తావని.

నా హ్యాండ్ బ్యాగులో జిప్ వెనక ఒక అట్ట ఉండేది. ఒక్కటే గోళీ, వెండి రేకు అంచులు అరిగి నల్లబడ్డాయి. వేసుకునేదాన్ని కాదు, వేలితో తడిమి చూసుకునేదాన్ని, అంతే. అది ఆమెకు చెప్పక చెప్పక చెప్పాను. ‘ఈ వారం హోంవర్క్ అదే. అది ఇంట్లో పెట్టి బస్సెక్కండి’ అంది. ఎక్కాను. భిక్కనూరు దగ్గర వచ్చింది, తెలిసినదే, తిమ్మిరితో సహా. కిటికీ అద్దం మీద వేలితో అంకెలు రాసుకుంటూ కూర్చున్నాను. కామారెడ్డి రాకముందే దిగిపోయింది. గోళీ లేకుండా దిగడం అదే మొదటిసారి.

ఈ మధ్యలో మామ సంగతి తెగని పంచాయితీ. అంతకుముందు ఆయన్ను ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లో పెట్టారు. అక్కడ ‘ముందు తాగుడు మాను, భయం సంగతి తర్వాత’ అన్నారట, మనోబలం లేదని తిట్టారట. గోడ దూకి వచ్చేశాడు. మరో డాక్టరేమో దడ అని పోతే ‘ముందు కల్లు మానేసి రండి’ అని పంపేశాడు. ఆ తలుపు కాడికి పోతే ఈ తలుపు, ఈ తలుపు కాడికి వస్తే ఆ తలుపు. నా వైద్యం చూశాక ఒక రోజు ఆయనే అడిగాడు. ‘నువ్వు గోళీ మింగితే రోగం, నేను సీసా తాగితే రోగం కాదా బిడ్డా?’ నా దగ్గర జవాబు లేదు. చదువుకున్నదాన్ని, జీతం ఉన్నదాన్ని, నా మందుకు అట్ట ఉంది, బిల్లు ఉంది, కాబట్టి నేను పేషెంటును. ఆయన తాగుబోతు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మద్యం సమస్య ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి పైగా వైద్యమే అందట్లేదని తేలింది. మామను చూశాక ఆ అంకె నాకు వింతగా లేదు. బాధ తట్టుకోలేక మనిషి తనకు తానే మందు వేసుకోవడమే చాలా వ్యసనాలకు మూలమని ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1985లోనే రాశాడట. మా మామ ఆ మాట అంతకంటే సూటిగా చెబుతాడు, ‘తాగకుంటే నిద్ర రాదు, ఇంకేం చెయ్యాలె?’ అని.

ఆయన్ను మా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాం. కొన్నాళ్లు ఆస్పత్రిలో పెట్టి, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ, డయజిపాం తగ్గిస్తూ వచ్చారు. నెల దాకా ఆయనకు ఇంకే జబ్బు పేరూ పెట్టలేదు. తాగుడు మానిన కొత్తలో చాలామందికి ఆందోళన ఉంటుంది, అది దిగాక కూడా మిగిలితేనే అసలుదట. ఆయనది మిగిలింది. అప్పులు తీరి ఏళ్లయినా రాత్రి ఆ గుండె దడ పోలేదు. దానికి విడిగా మందు మొదలుపెట్టారు. అప్పటి నుంచి నిద్ర పడుతోంది. పూర్తిగా మానేశాడా అంటే, దసరాకు తాగాడు, బంధువుల పెళ్లికి తాగాడు. కానీ డిపో దగ్గరికి పొద్దున్నే పోవడం లేదు, తాగిన సంగతి డాక్టరుకు తనే చెబుతున్నాడు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు పోయిన వార్త టీవీలో వస్తే, శాంపిల్స్‌లో అల్ప్రాజోలం దొరికిందని చదివేటప్పుడు, నాకు ఫోన్ చేసి ‘నీ గోళీయేనే’ అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాకు డయజిపాం పూర్తిగా ఆగి ఏడాది దాటింది. అసలు నా భయం ఎంత అన్నది ఇప్పుడు తెలుస్తోంది. అది ఉంది, పోలేదు, కానీ గోళీల కాలంలో నేను చూసినంత పెద్దది కాదు. టీ రోజుకు ఒకటికి తగ్గించాను, ఎందుకంటే రెండోది తాగితే దడ ఖాయం. ఈ మధ్య పన్ను తీయించుకోవడానికి పోతే డెంటిస్టు భయం తగ్గడానికి చిన్న గోళీ రాస్తానన్నాడు. పేరు అడిగి, వద్దని, ఎందుకు వద్దో కూడా చెప్పాను. అతను ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.

ఎస్సిటలోప్రామ్ మాత్రం ఇంకా నడుస్తోంది, 10 మిల్లీగ్రాములు. ఇది ఆ రకం అలవాటు మందు కాదు గానీ దీన్ని కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లగానే తగ్గించాలి. పోయినసారి వెళ్లినప్పుడు ఇక తగ్గించడం మొదలుపెడదామా అని డాక్టరు అడిగారు. మార్చి క్లోజింగ్ అయ్యాక చూద్దాం మేడమ్ అన్నాను. ఆవిడ క్యాలెండర్ తీసి ఏప్రిల్ రెండో వారంలో తేదీ రాశారు.